గాజు సీసా తాగేసిన మందు

మా చెల్లెలు చెమటోడ్చి సాధించిన మొదటి విజయం, ఎలుక మూత్రపిండాన్ని చిరగకుండా, ముడత పడకుండా, వెంట్రుక మందంలో పాతికో వంతు పలచగా కోయడం. దానికి ఆమెకు పదకొండు నెలలు పట్టింది. చెమటోడ్చి అన్నానేగానీ ఆ పని చేసేది చలిపెట్టె ముందు కూర్చుని. పెట్టె లోపల గడ్డకట్టిన ముక్క, దాని ముందు బ్లేడు. చక్రం ఒక చుట్టు తిప్పితే ఒక పొర ఊడివస్తుంది. అది చుట్టుకుపోకముందే నాలుగు వెంట్రుకల కుంచెతో అంచు పట్టి స్లైడు మీదికి దించాలి. ఊపిరి గట్టిగా వదిలితే పొర కాస్తా ఎగిరిపోతుంది. ఆ పదకొండు నెలల్లో ఆమె పారేసిన స్లైడులు ఆరు వందల నలభై. ఆరు వందల నలభై ఒకటోదాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి ఆస్పత్రి ల్యాబు పెద్ద డాక్టరుగారు, "ఇది ఎవరు కోశారు?" అని అడిగారట. తిట్టడానికే అనుకుని మా చెల్లెలు లేచి నిలబడింది. ఆవిడ తల ఎత్తకుండానే, "ఇకనుంచి నా ముక్కలన్నీ ఈ చేతికే ఇవ్వండి" అన్నారు.

ఆ చేతి గురించే నేను రాస్తున్నది.

నేను పల్లెబడిలో ఐదో తరగతి దాకా చదివినవాణ్ణి. ఇరవయ్యో ఎక్కం దాకా తడుముకోకుండా అప్పజెప్పి పలక బహుమతిగా అందుకున్నవాణ్ణి. నూలుకు రంగు వేయడం మా ఇంటి పని. నలభై ఏడేళ్లుగా చేస్తున్నాను. నేను వేసిన నలుపు ఉతికితే దిగిందని ఇంతవరకు ఒక్కరూ నా గుమ్మం ఎక్కలేదు. ఈ గొప్పలు ఎందుకు చెప్పుకుంటున్నానంటే, మా చెల్లెలి ముందు ఇవన్నీ దిగదుడుపేనని చెప్పడానికి.

ఆమెను మేము పటిక అంటాం. చిన్నప్పుడు రంగులు వేసే షెడ్డులో పటిక ముక్క కనబడితే చాలు, నాకి చూసేది. పేరు అలా వచ్చినా తగినట్టే ఉండిపోయింది. మురికినీళ్లలో పటిక తిప్పినట్టు, నలుగురు అరుచుకుంటున్న చోట ఆమె వచ్చి కూర్చుంటే ఎవరి మట్టి వాళ్లకు అడుక్కి దిగేది. తొమ్మిదేళ్లప్పుడు రెండు నల్ల నూలు చిలపలను కిటికీ వెలుగులో పట్టుకుని, "ఇందులో ఎరుపు దాక్కుంది, అందులో నీలం దాక్కుంది" అనేది. నాన్న కలిపిన లెక్క చూస్తే నిజమయ్యేది. పదిహేడో ఏట ఆస్పత్రి ల్యాబులో సీసాలు కడిగే పనికి కుదిరింది. సాయంకాలం తరగతులకు వెళ్లి టెక్నీషియను పరీక్ష మొదటి శ్రేణిలో పాసైంది. ఇప్పుడామెకు నలభై నాలుగేళ్లు. ఇరవై ఒక్క సంవత్సరాల్లో పద్దెనిమిది వేల స్లైడులు కోసింది. పద్నాలుగు మందికి పని నేర్పింది. పెళ్ళెందుకు చేసుకోలేదే అంటే, "ముక్క బ్లేడు మీదున్నప్పుడు అడుగుతారేంటి, జారిపోతుంది" అంటుంది.

ఇక్కడ మా నాన్న మాట ఒకటి చెప్పాలి. ప్రతి రంగు కాగు నుంచీ ఒక చిన్న గాజు సీసాడు రంగునీళ్లు తీసి, బిరడా పెట్టి, చీటీ అంటించి, కిటికీ పక్క బల్ల మీద పెట్టేవాడు. రెండేళ్ల తరవాత ఎవరైనా వచ్చి అదే రంగు కావాలంటే సీసా తీసి చూసి కలిపేవాడు. "ఇనుము అబద్ధమాడుద్ది, రాగి దొంగతనం చేసుద్ది, చెక్క తాగేసుద్ది. గాజు ఒక్కటే ఇవ్వదు, పుచ్చుకోదు. పెట్టింది పెట్టినట్టు తిరిగిచ్చుద్ది" అనేవాడు. అన్నం తినేముందు చేతులు కడుక్కోవాలి అన్నంత మామూలుగా ఆ మాట మా ఇద్దరి ఒంట్లోనూ ఇంకిపోయింది. దాన్ని మేము ఎన్నడూ పరీక్ష పెట్టి చూడలేదు.

కిందటేడు పెద్ద డాక్టరుగారు కొత్త పరిశోధన ఒకటి మొదలుపెట్టి, మందు కలపడం, ముక్కలు కోయడం రెండూ మా చెల్లెలికి అప్పగించారు. ఎలుకలకు మందు ఎక్కించేవాళ్లు వేరే. ఆ ఆదివారం ఆమె మా ఇంటికి వచ్చి, గుమ్మంలో చెప్పులు విడుస్తూనే మొదలుపెట్టింది.

"అన్నయ్యా, నీ పనే నాకిచ్చారు."

"నా పనా? ఆస్పత్రిలో నూలు నానబెడుతున్నారా?"

"నూలు కాదు, మూత్రపిండం. పత్తి నూలుకి రంగేసేటప్పుడు ఉప్పు ఎందుకేస్తావు?"

"రంగు పట్టడానికి."

"వెయ్యకపోతే ఎందుకు పట్టదు?"

నలభై ఏళ్లకు పైగా ఉప్పు వేస్తున్నవాణ్ణి, నాన్న వేసేవాడు గనుక నేనూ వేస్తున్నానన్నాను. వంటింట్లోంచి మా ఆవిడ, "అడుగు తల్లీ అడుగు, నన్ను మాత్రం కూరలో ఉప్పెందుకు తగ్గిందని రోజూ అడుగుతారు" అంది.

అప్పుడు చెల్లెలు చెప్పింది. నీళ్లలో పత్తికి మైనస్ గుణం ఉంటుందట. మేము వేసే రంగుకీ అదే గుణం. ఒకే గుణం ఉన్న రెండూ ఒకదాన్నొకటి నెట్టేసుకుంటాయి. ఉప్పు మధ్యలో దూరి ఆ నెట్టుడు తగ్గిస్తుంది. అప్పుడు రంగు నూలును చేరుతుంది. మన మూత్రపిండంలోనూ అలాంటి బట్టే ఉందట. రక్తాన్ని వడకట్టే జల్లెడ పొర. దానికీ మైనస్ గుణమే. రక్తంలో ఉండే మాంసకృత్తులు చాలావాటికి అదే గుణం గనుక అవి పొర దగ్గరికి రాకుండా వెనక్కి పోతాయి. మంచిదే, లేకపోతే ఒంట్లో సారమంతా మూత్రంలో కారిపోయేది.

"మరి జబ్బెక్కడిది?"

"ప్లస్ గుణమున్న పరాయి పదార్థం ఒకటి రక్తంలోకి వచ్చిందనుకో. దాన్నే యాంటిజెన్ అంటాం. అది ఆ పొరకి అతుక్కుంటుంది, మెల్లగా దాటి అవతలి వైపు కూర్చుంటుంది. ఒంట్లో కాపలా కాసే యాంటీబాడీ దాన్ని వెతుక్కుంటూ వచ్చి అక్కడే పట్టుకుంటుంది. రెండూ పెనవేసుకుని ముద్దయి అక్కడే ఉండిపోతాయి. ఆ ముద్దల మూలాన పొర పాడవుద్ది. మొహం ఉబ్బుద్ది, కాళ్లు ఉబ్బుతాయి, మూత్రం నురగలొస్తుంది."

"మైనస్ గుణమున్నది వస్తే?"

"పొర నెట్టేస్తుంది. ఎక్కువ పోతుంది. మిగిలిన కాస్తా పొర దాటలేక జల్లెడ నడుమ సందుల్లో చేరుద్ది. మేం మందు అనేది అలాంటి పదార్థాన్నే. ఒకేదానికి మూడు రకాల గుణం ఇచ్చి, ప్లస్సు, మైనస్సు, ఏదీ లేనిది, ఎలుకలకెక్కించి ఏ ముద్ద ఎక్కడ కూర్చుంటుందో చూపించాలి. అదీ మా పని."

"ఇది తెలిస్తే జబ్బు నయమవుద్దా?"

"నయం కాదన్నయ్యా. ఎక్కడ ఇరుక్కుంటుందో, ఎందుకు ఇరుక్కుంటుందో తెలుస్తుంది. ఇరుక్కోకుండా చేసే ఉపాయం ఇంకెవరో ఆలోచిస్తారు."

ఆ రోజు చాలాసేపు కాగుల దగ్గర ఒక్కణ్ణీ కూర్చున్నాను. మనిషిని చంపడానికి వచ్చిన దొంగ, కాపాడటానికి వచ్చిన కాపలావాడు, ఇద్దరూ కలిసి గోడ కూల్చడం ఏమిటి! ఎవడు నిలుస్తాడు, ఎవడు కొట్టుకుపోతాడు అన్నది బలం మీద లేదు. ఎవడి గుణం గోడ గుణానికి సరిపడుతుందో దాని మీద ఉంది. ఇన్నేళ్లుగా చేతులు ముంచి చేస్తున్న పనిలో ఇంత సంగతి ఉందని ఒక్కరోజూ అనుకోలేదు.

రెండు వారాల తరవాత ఆమె ఫోన్ చేసింది. ల్యాబుకు వచ్చిన ప్లాస్టిక్ గొట్టాల మూతలు సరిగా బిగుసుకోవడం లేదట, కొత్తవి రావడానికి నెలలు పడుతుందట. "నాన్న సీసాలు ఉన్నాయా?" అని అడిగింది. ఉన్నాయా అంటే! అరవై సీసాలు ఏరి, సోడాతో ఉడకబెట్టి, ఏడుసార్లు కడిగి, కొత్త బిరడాలతో పెట్టెలో సర్ది నేనే మోసుకెళ్లి ఇచ్చి వచ్చాను. ఆమె ల్యాబులో మళ్లీ కడిగి, వేడి అరలో పెట్టింది. నాన్న సీసాల్లో మందు! షెడ్డుకు వచ్చిన ప్రతివాడికీ చెప్పాను.

ఆ ల్యాబులో కట్టుబాటు ఒకటుంది. చేసిన ప్రతి మార్పూ, ఎంత చిన్నదైనా, నోటుబుక్కులో రాయాలి. సూది మారితే రాయాలి, నీళ్ల డబ్బా మారితే రాయాలి. మా చెల్లెలు సీసాల సంగతి రాయలేదు. దాచాలని కాదు. గాజు ఇవ్వదు, పుచ్చుకోదు. అలాంటప్పుడు రాయడానికి ఏముంది? పీల్చిన గాలి గురించి ఎవరు రాస్తారు? ఇంకెవరైనా అయితే రాసి ఉండేవాళ్లు. మా ఇంట్లో పుట్టింది గనుక రాయలేదు.

ఆరు నెలలు గడిచాయి. మైనస్ రకం అనుకున్నట్టే నడుమ సందుల్లో మసక మసకగా కనబడింది. ఏ గుణమూ లేనిదీ అంతే. అతుక్కుని తీరాలనుకున్న ప్లస్ రకమే ఎక్కడా లేదు. యాంటీబాడీకి ఆకుపచ్చగా వెలిగే రంగు పూసి చూస్తారు. ముద్ద ఉన్నచోట వెలగాలి. ప్లస్ రకం ఇచ్చిన ఎలుకల పొరలన్నీ చీకటి. ఇరవై రెండు ఎలుకలు, నాలుగు వందల స్లైడులు, అంతా చీకటే.

మరో నగరంలో ఇలాంటి ల్యాబే ఒకటి ఇదే పని మొదలుపెట్టి, మా పెద్ద డాక్టరుగారిని సలహా అడిగింది. ఆవిడ ఉన్నది ఉన్నట్టు రాశారు: మా దగ్గర ప్లస్ రకం నిలవడం లేదు, ఈ దారిలో ఫలితం ఉన్నట్టు లేదు అని. ఆ ఉత్తరం చూసి వాళ్లు పని ఆపేశారు. ఇక్కడా ఈ పని సాగించాలా ఆపాలా తేల్చే కమిటీ కూర్చోవడానికి ఐదు వారాలే మిగిలాయి. పెద్ద డాక్టరుగారు మా చెల్లెల్ని పిలిచి చెప్పారు.

"చూడమ్మా, రెండే సంగతులు. ఆలోచన తప్పయినా అయ్యుండాలి, చెయ్యి తప్పయినా అయ్యుండాలి. కమిటీ అడిగితే నేనేం చెప్పను?"

"చెయ్యి తప్పు కాదండీ."

"నాకూ అలాగే అనిపిస్తుంది. అనిపించడం కాగితం మీద రాయలేనుగా."

మాలాంటివాళ్లకు ఆ మాట ఎంత బరువో చదువుకున్నవాళ్లకు తెలియకపోవచ్చు. డాక్టరు ఆలోచన తప్పయితే ఇంకో ఆలోచన చేస్తాడు. చేతిపనివాడి చెయ్యి మంచిది కాదంటే వాడికి ఇంకో చెయ్యి ఎక్కడిది? పని పోవడం కాదు ఆమెను తినేసింది. పద్దెనిమిది వేల స్లైడులు వెనక్కి తిరిగి తనవంక అనుమానంగా చూస్తున్నట్టు ఉందని ఒకసారి నాతో అంది. అన్నం దగ్గర కూర్చుని తన చేతినే చూసుకునేది.

సరిగ్గా అప్పుడే నాకు శాలువల నూలు పని ఒకటి వచ్చింది. పత్తి కాదు, ఉన్నిలాగ ఉండే అక్రిలిక్ నూలు. నేను ముట్టుకోని సరుకు. దానికి వేరే జాతి రంగు వాడాలన్నారు. పేరుగల పనివాణ్ణి కదా, కాదంటే నామోషీ! ఊదారంగు డబ్బా తెచ్చాను. అలవాటు ప్రకారం ఒక సీసాడు రంగునీళ్లు తీసి పెట్టాను. రెండో రోజు ఆ నీళ్లు వంచేసి సీసా కడిగితే ఊదా పోలేదు. సోడా వేసినా పోలేదు. ఇసుకతో తోమినా మసక మిగిలింది. ఆదివారం చెల్లెలు వచ్చేసరికి నేను కుళాయి దగ్గర కూర్చుని సీసాను తిడుతున్నాను.

"గాజుకి కూడా బుద్ధి చెడింది ఈ కాలంలో! ఏం గాజు చేస్తున్నారో ఏంటో!"

మా ఆవిడ అంది, "సీసా మీద ఎగురుతారేంటి? చేతులు చూసుకోండి, వంకాయల్లా ఉన్నాయి."

చెల్లెలు నవ్వుతూ వచ్చి సీసా తీసుకుంది. వెలుగుకు పట్టింది. నవ్వు ఆగిపోయింది.

"అన్నయ్యా, ఇది నాన్న సీసానేనా?"

"ఆ, నీకిచ్చినవాటి జతదే."

"రంగు ఏ జాతి?"

"ఏమో, డబ్బా మీద బేసిక్ అనేదో రాసుంది."

"ప్లస్సు" అంది మెల్లగా. "బేసిక్ రంగులకి ప్లస్ గుణం. నీళ్లలో గాజుకి మైనస్సు. అన్నయ్యా... నాన్న జన్మంతా వాడింది మైనస్ రంగులే! గాజు పుచ్చుకోదని కాదు. దానికి కావలసింది మనం ఎప్పుడూ ఇవ్వలేదు."

సీసా చేత్తో పట్టుకునే వీధి గుమ్మం దాటింది. "కాస్త తిని వెళ్లు తల్లీ" అని మా ఆవిడ వెంటపడినా వినలేదు. ఆదివారం ల్యాబు తాళం కాపలాదారు దగ్గర తీసుకుని, ప్లస్ మందు పెట్టి ఖాళీ చేసిన పాత సీసాలు మూడు, మైనస్ మందు పెట్టినవి మూడు బల్ల మీద వరసగా పెట్టింది. మాంసకృత్తు ఉన్నచోట నీలంగా మారే రంగు ఒకటి ఉందట. అది పోసి, కాసేపు ఉంచి, వంచేసి, నీళ్లతో కడిగింది. మైనస్ సీసాలు తెల్లగా మిగిలాయి. ప్లస్ సీసాల గోడలు నీలం.

మందు ఎలుకల్లోకి వెళ్లలేదు. ఎక్కించే మందు చాలా తక్కువ. ఆవగింజను యాభై ముక్కలు చేస్తే అందులో ఒక్క ముక్కంత. ముందురోజు పలచగా కలిపి సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టేది. తెల్లవారేలోగా అందులో ఎక్కువ భాగం గాజు తాగేసేది. మిగిలిన నీళ్లే ఎలుకలకు చేరేవి. పెద్ద సీసాలో చిక్కటి మందు కొలిచింది గానీ, చిన్న సీసాలోంచి బయటికి వచ్చింది ఎప్పుడూ కొలవలేదు. నాన్న మాట ఉండగా కొలవడం దేనికి?

ఆ సాయంత్రం ఫోన్‌లో ఇదంతా చెప్పింది. నేను ఏమన్నానో రాయకుండా దాటెయ్యాలనిపిస్తోంది. కానీ ఆమె తన తప్పు రాసుకుంది కాబట్టి నాదీ రాయాలి.

"ఎవరికీ చెప్పకు" అన్నాను. "రేపట్నించి ప్లాస్టిక్ గొట్టాలు వాడు. ముద్దలు కనబడతాయి. మందు పాతది పాడైంది, కొత్తది బాగుంది అనుకుంటారు. నీ చెయ్యి మంచిదే అవుద్ది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల?"

"అడుసు తొక్కేశాం కదన్నయ్యా."

"కమిటీలో నలుగురి ముందు రంగులవాడి ఇంటి సీసాలు తెచ్చానని చెప్తావా? నవ్వరూ?"

"నవ్వనీ. ఇరవై రెండు ఎలుకల పేరున, ప్లస్ రకం అతుక్కోదు అని నోటుబుక్కులో ఉంది. అది అబద్ధం. ఆ అబద్ధం చూసి ఇంకో ల్యాబు పని మానుకుంది. నేను నోరు మూసుకుంటే వాళ్లు ఎప్పటికీ మొదలెట్టరు."

"చెయ్యి తప్పు అంటారే!"

"నా తప్పే కదా మరి. చెయ్యి కొయ్యడంలో తప్పలేదు, రాయడంలో తప్పింది. రెండూ ఒక చెయ్యే."

నేను ఫోన్ పెట్టేశాను. కోపం వచ్చి కాదు. షెడ్డులోకి వెళ్లి, మిగతా కాగుల నుంచి తీసిన రెండు ఊదా సీసాల్లో చిక్కటి ఉప్పునీళ్లు పోసి చూశాను.

మర్నాడు నోటుబుక్కు తీసి, పాత పేజీల మీద ఒక్క గీత కూడా గీయకుండా, ఆ రోజు తేదీ వేసి రాసింది: "ఆరు నెలలుగా మందు నిలవ చేసినవి గాజు సీసాలు. మా అన్నయ్య ఇంటి నుంచి తెచ్చాను. ఆ సంగతి అప్పుడు రాయలేదు. ప్లస్ రకం మందు సీసా గోడలకు అంటుకుపోయింది. ఈ ఆరు నెలల ఫలితాన్ని ఫలితంగా తీసుకోకూడదు. తప్పు నాది." సంతకం చేసి, ఆ పేజీ తెరిచి, పక్కన నీలం సీసా పెట్టి పెద్ద డాక్టరుగారి బల్ల మీద ఉంచింది.

ఆవిడ చదివి, సీసాను కిటికీ వెలుగుకు పట్టి చూశారట. ముందు ఉత్తరం సంగతే ఎత్తారు. "వాళ్లకి రాసింది నేను. నా పేరు మీద వెళ్లింది" అన్నారు. గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేదని మా చెల్లెలు అంది. తరవాత, "మీ అన్నయ్యకి ఫోన్ కలుపు" అన్నారు.

నా జీవితంలో అంత పెద్ద చదువు చదివిన మనిషితో ఫోన్‌లో మాట్లాడటం అదే మొదటిసారి. లేచి నిలబడ్డాను.

"ఆ ఊదా సీసా పారేశారా?"

"అయ్యో, మీ దగ్గరే ఉందండీ. మా చెల్లెలు పట్టుకొచ్చేసింది."

"ఇంకా ఉన్నాయా?"

"రెండున్నాయండీ. పారేసే అలవాటు మా ఇంట్లో లేదు."

"అది తెలుస్తూనే ఉంది" అన్నారు ఆవిడ. మెచ్చుకున్నారో దెప్పారో ఇప్పటికీ తేల్చుకోలేదు. "అతుక్కున్న రంగు దేనితో వదులుతుందో మీకు తెలుసా?"

"సోడాతో పోలేదండీ. చిక్కటి ఉప్పునీళ్లు పోస్తే కాస్త దిగింది."

"ఎంత చిక్కగా?"

"దోసిలి నీళ్లకి పిడికెడు."

అటువైపు పెన్ను గీరుకున్న చప్పుడు వినబడింది. దోసిలి, పిడికెడు ఏ లెక్కలో రాసుకున్నారో తెలియదు గానీ, మా చెల్లెలు మర్నాడు పాత సీసాల్లో ఉప్పునీళ్లు పోసి, బయటికి వచ్చినదాన్ని కొలిచింది. పోయిందనుకున్న మందు చాలావరకు అందులో దొరికింది.

కమిటీకి నాలుగు వారాలు. కొత్త ప్లాస్టిక్ గొట్టాలు వేరే విభాగం నుంచి అడిగి తెచ్చుకున్నారు. మందు ముందురోజు కలపడం మానేసి, ఎక్కించే గంటలోనే కలిపి, గొట్టంలోంచి బయటికి వచ్చిందాన్నీ కొలిచారు. తొమ్మిది ఎలుకలు, రకానికి మూడు. పెద్ద డాక్టరుగారు ఈసారి గట్టి షరతు పెట్టారు. స్లైడుల మీద పేర్లు లేకుండా అంకెలు మాత్రమే ఉండాలి, ఏ అంకె ఏ రకమో ఆవిడ బీరువాలో తాళం వేసిన కాగితానికే తెలియాలి. కోసే మా చెల్లెలికీ తెలియకూడదు, చూసే తనకీ తెలియకూడదు అని అంకెలు వేరేవాళ్లతో వేయించారు. నమ్మకం లేక అనుకుని నేను ఉడుక్కున్నాను. మా చెల్లెలు మాత్రం, "నేనే అలా అడుగుదామనుకున్నా. ఆవిడ ముందనేశారు" అంది.

మొదటి నాలుగు స్లైడుల్లో నడుమ సందుల్లో మసక మచ్చలు. ఐదోది పెట్టాక డాక్టరుగారు పక్కకు జరిగి, "నువ్వు చూడు" అన్నారు. జల్లెడ చుట్టలు చుట్టలుగా ఉంటుందట. ఆ ప్రతి చుట్ట అంచు వెంటా ఆకుపచ్చ చుక్కలు, ఒకదాని పక్కన ఒకటి, దారానికి గుచ్చినట్టు. పాతిక స్లైడుల తరవాత తాళం తీసి కాగితం చూశారు. చుక్కలు గుచ్చినట్టున్న మూడు ఎలుకలూ ప్లస్సే.

నాకు ఫోన్ చేసి ఇది చెబుతూ మా చెల్లెలు ఏడ్చింది. ఆనందమనుకుని నేనూ కళ్లు తుడుచుకున్నాను. కానీ ఆమె అన్నది వేరు. "ఆ చుక్కల్ని చూస్తే అందంగా ఉన్నాయన్నయ్యా. అదే జబ్బు. వార్డులో మొహం ఉబ్బి పడుకున్నవాళ్ల ఒంట్లో ఇవే ఉంటాయి. అందంగా ఉన్నాయని అనుకున్నందుకు సిగ్గేసింది."

కమిటీ ముందు నోటుబుక్కు ఆ పేజీ దగ్గరే తెరిచి పెట్టారు. ఒక పెద్దాయన, "ఆరు నెలలు సీసాల పాలయ్యాయన్నమాట" అన్నాడట. ఇంకొకాయన నవ్వాడట. నేను భయపడినట్టే. మా చెల్లెలు నిలబడి, "అవునండీ" అంది, అంతే. పరిశోధనకు ఇంకో సంవత్సరం గడువు ఇచ్చారు. మార్పు రాయనందుకు ఆమెకు మందలింపు కాగితం ఒకటి ఇచ్చారు. అందులో చివరి వాక్యం ఇది: "కోతపనిలోగానీ, పని నాణ్యతలోగానీ ఎలాంటి లోపం కనబడలేదు." ఆ కాగితం నకలు అడిగి తెచ్చుకున్నాను. ఆమె పరీక్ష పాసైన సర్టిఫికెట్టు పక్కనే గోడకు తగిలించాను. మందలింపు కాగితాన్ని అద్దం కట్టించి పెట్టిన ఇల్లు మాదొక్కటే అయ్యుంటుంది అని మా ఆవిడ నవ్వుతుంది. నవ్వనీ. చెయ్యి మంచిదని ముద్రవేసి రాసిన కాగితం ఇన్నేళ్లలో ఆమెకు అదొక్కటే.

ఇక మిగిలింది ఆ రెండో ల్యాబు. పెద్ద డాక్టరుగారు తన పాత ఉత్తరం తప్పని, ఎందుకు తప్పో, సీసాలతో సహా రాశారు. జవాబు రావడానికి నెల పట్టింది. వాళ్లు పని ఆపేశాక ముక్కలు కోసే మనిషి వేరే చోటికి వెళ్లిపోయిందట. మందు ఉంది, ఎలుకలు ఉన్నాయి, చెయ్యి లేదు. "మీ దగ్గర ఆ పేజీ రాసిన మనిషిని కొన్నాళ్లు పంపగలరా?" అని అడిగారు. పేజీ రాసిన మనిషిని అన్నారు, స్లైడులు కోసిన మనిషిని అనలేదు. ఆ మాట నేను రెండుసార్లు చదివించుకున్నాను.

వెళ్లేముందు రోజు మా ఇంటికి వచ్చింది. పెట్టెలో బట్టల కంటే కుంచెలే ఎక్కువ. మా ఆవిడ దుప్పటి మడిచి ఇస్తూ, "అక్కడ మాత్రం ఎవరి సీసాలూ పుచ్చుకోకు తల్లీ" అంది.

"వాళ్ల సీసాలు ముందు కడిగి చూస్తా వదినా. అందరిళ్లలోనూ ఏదో ఒక నాన్న మాట ఉంటుంది."

"మా ఆయన మాట వినకపోవడం ఒక్కటే నువ్వు చేసిన మంచిపని."

"వినకుండా ఉన్నానా? చెప్పద్దన్నాడు కాబట్టే తొందరగా చెప్పేశా. ఇంకో రోజు ఆగితే తను చెప్పిందే సబబనిపించేది."

నేను లేచి షెడ్డు వైపు నడిచాను. ఇద్దరు ఆడవాళ్ల మధ్య మాట దొర్లుతున్నప్పుడు కాగు కింద మంట చూసుకోవడం మేలు.

బస్సు కిటికీలోంచి చేయి బయటపెట్టి ఊపింది. ఆ చేతికి ఇప్పుడు రెండు ల్యాబుల పని. అక్కడివాళ్లకు కోయడం నేర్పాలి. వాళ్ల మందును వాళ్ల గొట్టాల్లోంచి కొలిపించాలి. ప్లస్ రకం పొర అవతల కూర్చుంటుందో లేదో వాళ్ల కళ్లతో వాళ్లే చూసేదాకా ఉండాలి. వాళ్లకు కనబడకపోతే? ఆ సంగతి నేను అడిగితే, "కనబడకపోతే అదీ రాయాలి, ఎందుకో వెతకాలి" అంది. పది వారాలకు పంపమన్నారు. ఇవాళ్టికి మూడు వారాలయ్యాయి. మొన్నటి ఫోన్‌లో మొదటి స్లైడు చిరిగిపోయిందని, అక్కడి చలిపెట్టె చక్రం కాస్త బిగువని, అలవాటు పడాలని చెప్పింది. గొంతు నిమ్మళంగా ఉంది. రావలసిన తేదీ అడిగితే, టికెట్టు చూసి చెప్పింది: ఆగస్టు ఇరవై మూడు.